కాకిని కూడా రాయండి

తెల్లారేసరికి కేబీఆర్ పార్కు నడకకు వచ్చినవాళ్లతో నిండిపోతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. వాళ్ల మధ్యే అప్పుడప్పుడూ ఒక నలుగురైదుగురు దారికి అడ్డం రాకుండా పక్కకు జరిగి, తలలు పైకెత్తి నిలబడి కనిపిస్తారు. మెడలో బైనాక్యులర్, జేబులో చిన్న నోటుబుక్కు. వీళ్లు పక్షులు చూసేవాళ్లు. గంటలో కిలోమీటరు నడిచారంటే ఆ పూట తొందరపడ్డారనే లెక్క.

హైదరాబాద్‌లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నడుమ మూడు వందల యాభై ఎకరాలకు పైగా రాతిగుట్టలు, ముళ్లపొదలు, చెట్లు మిగిలిన చోటు ఈ పార్కు. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. నెమళ్లు చూడాలంటే ఏ విద్యా అక్కర్లేదు, దారికడ్డంగా వాటంతటవే వస్తాయి. మిగతా పిట్టలతోనే పని.

కొత్తగా వచ్చినవాళ్లు ముందు బైనాక్యులర్ కొంటారు. అనుభవం ఉన్నవాళ్లు ముందు చెవి పెడతారు. కంసాలి పిట్టనే తీసుకోండి. పిచ్చుకంత ఆకుపచ్చ పిట్ట, నుదుటి మీద ఎర్రటి మచ్చ. ఎక్కడో రాగి చెంబు మీద చిన్న సుత్తితో కొడుతున్నట్టు టుక్, టుక్, టుక్ అని ఎడతెగకుండా వినిపిస్తుంది. పిలుస్తున్నంతసేపూ తల అటూ ఇటూ తిప్పుతుంది, అందుకే శబ్దం ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి వచ్చినట్టు ఉంటుంది. ముక్కు మాత్రం తెరవదు. ప్రతి టుక్కుకీ గొంతు ఉబ్బుతుంది. దీన్ని పచ్చటి కొమ్మల్లో వెతికితే కళ్లు నొప్పులు పుట్టడమే మిగులుతుంది. చిటారున ఎండిన కొమ్మ ఏదైనా ఉందేమో చూడాలి. పొద్దున్నే అక్కడ కూర్చుని ఎండ కాచుకోవడం దానికి అలవాటు. గూడు తొలుచుకునేదీ ఎండి పుచ్చిన కొమ్మలోనే. అందం కోసమని పార్కుల్లో ఎండుకొమ్మలన్నీ నరికించే అధికారులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

పిట్ట కంటపడ్డాక బైనాక్యులర్ కోసం తల దించితే, మళ్లీ ఎత్తేసరికి అది ఉండదు. చూపు పిట్ట మీదే నిలిపి, బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. నాలుగు రోజులు కాకుల మీద సాధన చేస్తే ఇది చేతికి వస్తుంది. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపించేది చాలు. అంతకు మించితే చెయ్యి వణికిన వణుకూ పెద్దదవుతుంది. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోవాలి, లేకపోతే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. పళ్లు మాగిన మర్రి గానీ మేడి గానీ దొరికితే దాని కిందే నిలబడిపోవచ్చు: కోయిలలు, పికిలి పిట్టలు, గోరింకలు వరసగా అక్కడికే వస్తాయి. ఉన్నట్టుండి ఉడతలు, పిట్టలు కలిసి గోల మొదలుపెడితే ఆ చుట్టుపక్కల జాలె డేగ ఉందేమో చూడండి, తరచు ఉంటుంది.

ఇంతా చేసి చివరకు రాసుకోవాలి. నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణం అదే. ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఏ పిట్టలు ఎన్ని. కాకులు, పావురాలు కూడా. కాకినేం రాస్తాం అనిపిస్తుంది. కానీ అరుదైనవి మాత్రమే రాసే పుస్తకంలో కాకి లేకపోతే, ఆ రోజు కాకి కనబడలేదో, రాయాలని అనిపించలేదో తర్వాత చూసేవాళ్లకు తెలియదు. అన్నీ రాసే పుస్తకంలో లేనిది కూడా సమాచారమే.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931, 32లలో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ కాలపు పద్ధతి ప్రకారం తుపాకీతో కొట్టి నమూనాలు సేకరించేవారు. ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఏ ఊళ్లో ఏ పిట్ట కనిపించిందో ఆయన రాసి పెట్టబట్టే ఇవాళ పోల్చి చూడటానికి ఒక ఆధారం ఉంది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికకు ఆధారం దేశమంతటా దాదాపు 30,000 మంది పక్షులు చూసేవాళ్లు రాసిన లెక్కలే. దీర్ఘకాలిక ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయని అందులో తేలింది. బాగా తగ్గినవాటిలో పాలపిట్ట ఒకటి. దసరా నాడు చూస్తే శుభమని మనం నమ్మేది, తెలంగాణ రాష్ట్ర పక్షి. దాన్ని పట్టి పంజరంలో పెట్టి, పండగనాడు డబ్బు తీసుకుని చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది చట్టం ప్రకారం నేరం. చూసి డబ్బిచ్చేవాళ్లకు పుణ్యం వస్తుందని నేననుకోను.

ఈమధ్య పెద్ద కెమెరాల వాళ్లు ఎక్కువయ్యారు. ఫొటో తియ్యడం తప్పు కాదు. ఫోన్లో పిట్ట కూత పెట్టి, నిజం పిట్టను బయటికి రప్పించడం తప్పు. పోటీ పిట్ట వచ్చిందనుకుని అది మేత, గూడు వదిలి పరిగెత్తుకొస్తుంది. గూళ్లు కట్టే రోజుల్లో ఇలా చేస్తే పిల్లలకు మేత తప్పినట్టే. ఒక ఫొటోకి అంత ఖర్చు అక్కర్లేదు.

ఏటా ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. పావుగంట చాలు. పార్కు దాకా వెళ్లక్కర్లేదు, డాబా మీద నిలబడినా సరే. కాకితోనే మొదలుపెట్టండి.