శిక్ష, శిక్షణ: ప్రవర్తనశాస్త్ర పరిభాషా విమర్శ

తెలుగున మనశ్శాస్త్రమును పఠించువారిలో ననేకులు ఉపాధ్యాయులు, లేదా ఉపాధ్యాయులు కాగోరువారు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము తరువాత ఉపాధ్యాయ అర్హతపరీక్ష యేర్పడుటతో ‘నిబంధనము’, ‘పునర్బలనము’ మున్నగు పారిభాషికపదములు విశ్వవిద్యాలయముల గడప దాటి పల్లెబడుల కెక్కినవి. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన మొగుళ్లపల్లి వంటి మండలములందలి ఉపాధ్యాయుడును ఈ పదములను కంఠస్థము చేసియే యుద్యోగమునకు వచ్చుచున్నాడు. ఈ పదము లతనికి శాస్త్రమును తెలుపుచున్నవా, లేక మఱుగుపఱచుచున్నవా యనునదే యిచట విచార్యము.

మొదట శాస్త్రస్వరూపమును సంగ్రహముగా జూతము. జీర్ణక్రియపై చేసిన పరిశోధనమునకు 1904లో నోబెల్ బహుమానము నందిన పావ్‌లోవ్, ఆహారమునకు ముందు పదేపదే ఒక సంకేతము నిచ్చినచో, పిమ్మట ఆ సంకేతమాత్రముననే కుక్కకు లాలాజల మూరునని నిరూపించెను. థారన్‌డైక్ 1898లో పిల్లులపై చేసిన ప్రయోగములను ప్రకటించి, తృప్తినిచ్చు ఫలితము కలిగిన చేష్ట నిలుచునని చూపెను. స్కిన్నర్ 1938 నాటి గ్రంథమున, చేష్టకు వెనువెంట వచ్చు ఫలమే దాని భవిష్యత్తును నిర్ణయించునని సూత్రీకరించెను. 1968లో బేర్, వుల్ఫ్, రిస్లీ యను మువ్వురు ఈ సూత్రములను మానవజీవన సమస్యలకు అన్వయించు శాస్త్రమునకు ఏడు లక్షణములు నిర్దేశించిరి. చేపట్టిన ప్రవర్తన ఆ వ్యక్తికిని సమాజమునకును ముఖ్యమైనదై యుండవలె ననునది వానిలో నొకటి. తెలుగు అకాడమి స్థాపితమైనదియు ఆ 1968లోనే.

ఇక పరిభాష. ‘ఉద్దీపన’ యనునది మేలైన యెన్నిక. అలంకారశాస్త్రమున ఉద్దీపనవిభావము నెఱిగిన పాఠకునకు ఈ పదము పరాయిది కాదు. అయినను రసశాస్త్రమున ఉద్దీపనము అంకురించిన భావమును పెంపొందించును. ఇచట ప్రతిస్పందనమును పుట్టించునదియు నదియే. ఈ భేదమును బోధకుడు చెప్పవలెను.

‘శాస్త్రీయ నిబంధనము’ మాట వేఱు. మూలమున నున్న విశేషణమునకు ‘తొలినాటిది, సంప్రదాయసిద్ధము’ అని యర్థము. శాస్త్రీయసంగీత మనునప్పు డీ యనువాదము చెల్లినది. ప్రయోగశాల సందర్భమున ‘శాస్త్రీయ’మనగా విజ్ఞానసమ్మత మనియే తోచును. అట్లయిన స్కిన్నర్ చెప్పిన ‘కార్యసాధక నిబంధనము’ అశాస్త్రీయమా యని విద్యార్థి ప్రశ్నించిన, తప్పు విద్యార్థిది గాదు. ‘అయత్నసిద్ధ స్వాస్థ్యము’ ఇంకను విపరీతము. అణగిపోయిన ప్రతిస్పందన కొంత విరామానంతరము మఱల తలయెత్తుటకు ఈ పేరు. అనువాదకుడు ‘తిరిగి వచ్చుట’ను ‘రోగి కోలుకొనుట’గా గ్రహించినట్లున్నది. మాన్పించితి మనుకొన్న భయము బాలునిలో మఱల తలయెత్తుట స్వాస్థ్య మెట్లగును?

‘నిబంధన’ విషయమున నిష్పక్షపాతముగ నుండవలెను. పావ్‌లోవ్ వాడిన రష్యన్ విశేషణమునకు ‘షరతుపై నాధారపడిన’దని యర్థము గనుక, ఇది మూలమునకు దూరము కాదు. కాని తెలుగువానికి నిబంధన యనగా ఒకరు విధించు నియమము. నేర్చుకొనుట యను అంతరంగవ్యాపారము ఆ పదమున వినిపించదు.

అన్నింటికంటె హానికరమైనది ‘శిక్ష’. సంస్కృతమున శిక్ష యనగా విద్య, తెలుగున దండనము. ‘శిక్షణ’లో మాత్రము పాతయర్థము నిలిచియున్నది. కొట్టుటయే నేర్పుట యను భ్రాంతికి ఈ పదసామీప్య మాసరా యగుచున్నది. శాస్త్రమున శిక్ష యనునది ఉద్దేశమును బట్టి యేర్పడు పేరు కాదు. ఏ ఫలముచే చేష్ట తగ్గునో అదియే శిక్ష. ఒక యుదాహరణము నూహింతము. లెక్క రాని బాలుడు తరగతిలో అల్లరి చేసెను. ఉపాధ్యాయుడు వెలుపల నిలువబెట్టెను. మఱునాడు లెక్కల వేళకు అల్లరి హెచ్చెను. ఉపాధ్యాయుని దృష్టిలో నది శిక్ష. బాలునికి లెక్క తప్పిన సుఖము. అనిష్టము తొలగుటచే చేష్ట బలపడినది గనుక ఇది ‘ఋణాత్మక పునర్బలనము’. ‘ఋణ’ శబ్దము చెడుగును స్ఫురింపజేయుటచే విద్యార్థులు దీనినే దండన మనుకొందురు. విద్యాహక్కు చట్టము 17వ విభాగము శారీరకదండనమును మానసికహింసను నిషేధించినది. చట్టము చేతిని ఆపగలదు. భావనను మార్చవలసినది భాష.

విశేష మేమన, ఈ శాస్త్రసత్యములకు తెలుగు పల్లెలలో మాట లెన్నడో యున్నవి. మేతపెట్టి చేర దీసిన పశువు ‘మచ్చిక’ యగును. ఒకసారి పాలు దొరకిన పిల్లి ‘రుచి మరగును’. ఒకచోట జడిసిన కోడె ఆ చోటికి రాగానే ‘బెదురును’. మొదటి రెంటిలో ఫలముచే చేష్ట నిలుచుటయు, మూడవదానిలో స్థలము భయసంకేత మగుటయు స్పష్టము. వీనినే పారిభాషికములుగా గైకొనవలె నని నా వాదము కాదు. మచ్చికలో ప్రేమ కలదు, కొలత లేదు. శాస్త్రమునకు కొలత యావశ్యకము. సంస్కృతపదములకు ఇతర భారతీయభాషలతో పొత్తు గలదను వాదమును త్రోసిపుచ్చరానిది. కాని బోధ మచ్చికతో మొదలై పునర్బలనమును చేరవలెనే గాని, పునర్బలనముతో మొదలై అచటనే నిలిచిపోరాదు.

బాలుడు పశువు కాడను ఆక్షేపము సమంజసమే. ఆటిజము గల పెద్దలు కొందఱు, తమ బాల్యమున ఈ పద్ధతి తమ యవసరమును గాక, ఇతరుల కంటికి సామాన్యముగ గనబడుటనే కోరినదని విమర్శించియున్నారు. ముఖ్యమను 1968 నాటి లక్షణము ఎవరికి ముఖ్యమను ప్రశ్నగా మిగిలియే యున్నది.

కావున నా సూచనలు మూడు. ‘శాస్త్రీయ’మునకు మాఱు ‘పావ్‌లోవ్ నిబంధనము’. ‘స్వాస్థ్యము’నకు మాఱు ‘పునరావిర్భావము’. ‘ఋణాత్మక’మునకు మాఱు ‘తొలగింపు వలని పునర్బలనము’. శిక్షాపదమును మార్చుట దుష్కరము, వాడుక బలమైనది. అది వచ్చినచోట నెల్ల ‘ఎవరు విధించిరి?’ అని గాక, ‘దేని తరువాత ఏది తగ్గెను?’ అని యడుగుట బోధకులు అలవరచుకొందురు గాక.