డాన్ పుట్టిన చోటు ఎవరిది?
బొంబాయి నేర సినిమాల స్థలాలపై ఒక పరిశీలన

బొంబాయి పోయిన మనవాళ్ళు ఈ కాలంలో గేట్‌వే, చౌపాటీలతో సరిపెట్టుకోవడం లేదు. డోంగ్రీ గల్లీలు, దగ్డీ చాల్, కామాఠీపుర, ధారావి కూడా చూసి రావాలంటున్నారు. కారణం సినిమాలే. సినిమాల కోసమే కాకపోయినా, ధారావిలో 2006 నుంచి టిక్కెట్టు తీసుకుని తిప్పి చూపించే ఏర్పాటే ఉంది. చూడొద్దని మేము అనడం లేదు. కానీ ఇట్లా పోయేవాళ్ళు చూస్తున్నది ఎవరి చోటును, ఏ చరిత్రను అని మాత్రం అడగక తప్పదు.

ముందుగా ఒక చిన్న సంగతి. 1987లో మణిరత్నం తీసిన నాయకన్ (తెలుగులో నాయకుడు) చూసి ధారావి వెళ్ళినవాళ్ళు వేలు నాయకర్ గల్లీ ఎక్కడని వెతుక్కుంటారు. అందులోని ధారావి చాలా మట్టుకు మద్రాసు స్టూడియోలో వేసిన సెట్. వేసినాయన మన తోట తరణి. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. 2022లో వచ్చిన గంగూబాయి కాఠియావాడీలోని కామాఠీపుర గోరేగావ్ ఫిల్మ్ సిటీలో కట్టిన వీధులు. అంటే అసలు వాడలో కెమెరాకు పెద్దగా పనే పడలేదు. వాడ పేరు కావాలి, వాడ అక్కర్లేదు. తర్వాత ఆ సెట్టును మనసులో పెట్టుకుని అసలు వాడకు పోయి, సినిమాలో ఉన్నట్టు లేదేమిటని నిరాశపడేవాళ్ళు కూడా ఉంటారు!

సెట్ సంగతి అట్లా ఉంచి కథల దగ్గరికొద్దాం. 1975 నాటి దీవార్‌లో హీరో తండ్రి యూనియన్ నాయకుడు. యజమానులు అతని పెళ్ళాం పిల్లలను పట్టుకుని బెదిరించి సంతకం పెట్టిస్తారు. తోటి కార్మికులు ద్రోహి అంటారు, ఆయన ఇల్లు విడిచిపోతాడు. కొడుకు రేవులో కూలీ అయి, ఆ తర్వాత స్మగ్లర్ అవుతాడు. (మన ఎన్.టి.ఆర్. 1976లో మగాడు పేరుతో చేసింది ఈ కథే.) నాయకన్‌లోనూ తండ్రి యూనియన్ నాయకుడే. మొదటి నిమిషాల్లోనే పోలీసులు ఆయన్ని కాల్చేస్తారు, పిల్లవాడు బొంబాయి పారిపోతాడు. రెండు సినిమాల్లోనూ యూనియన్ చచ్చాకనే డాన్ పుడతాడు. ఇది యాదృచ్ఛికమని మేము అనుకోవడం లేదు. సినిమా తనకు తెలియకుండానే ఒక నిజం చెప్పి, వెంటనే దాన్ని మరచిపోయింది. మిగతా రెండున్నర గంటలూ కొడుకు వైభవమే.

చరిత్రలో జరిగింది చూద్దాం. వ్యవస్థీకృత నేరం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1949లో మద్యనిషేధ చట్టం వచ్చింది. దాంతో కాపుసారా వ్యాపారం పెరిగింది. వి.టి. స్టేషన్‌లో మూటలు మోసిన వరదరాజన్ ముదలియార్ పైకొచ్చింది ఆ సారాతోనే. 1968 బంగారం నియంత్రణ చట్టం దొంగ బంగారానికి గిరాకీ పెంచింది. రేవులో కూలి చేసిన హాజీ మస్తాన్ ఆ దారిన పోయినవాడు. అంటే సరుకును నిషేధించింది సర్కారు, కొన్నది డబ్బున్నవాళ్ళు, మోసింది మాత్రం రేవు కూలీలు, మురికివాడల జనం. పోలీసుల చేతికి చిక్కిందీ ఎక్కువగా మోసినవాళ్ళే.

అదే కాలంలో మిల్లు ప్రాంతమైన గిరణ్‌గావ్‌లో ఇంకో పని జరిగింది. 1970 జూన్‌లో పరేల్ కమ్యూనిస్టు ఎమ్మెల్యే కృష్ణా దేశాయిని పొడిచి చంపారు. శిక్ష పడింది శివసేన కార్యకర్తలకు. ఉప ఎన్నికలో గెల్చింది కూడా శివసేనే. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మెకు ఇంతవరకు అధికారికంగా ముగింపు లేదు. పనులు మాత్రం పోయాయి. ఆ చాళ్ళలోని కార్మికుల పిల్లలు ఏం చేయాలి? దగ్డీ చాల్ అరుణ్ గవ్లీ మిల్లు కార్మికుడి కొడుకు. 1991లో నగరాభివృద్ధి నిబంధనల్లో మిల్లు భూముల అమ్మకానికి దారి తెరిచారు. అప్పట్నుంచి తుపాకులు భూమి చుట్టూ తిరగడం మొదలైంది. 1994 మేలో మిల్లు యజమాని సునీత్ ఖటావ్ హత్య, 1997 జనవరిలో దత్తా సామంత్ హత్య. ఇవాళ ఆ మిల్లుల్లో కొన్నిటి స్థానంలో షాపింగ్ మాళ్ళున్నాయి. నేర చరిత్ర చూడదల్చినవాళ్ళు దగ్డీ చాల్ గేటు ముందు ఫొటో దిగే బదులు ఆ మాళ్ళలో ఒక గంట తిరిగితే ఎక్కువ తెలుస్తుందని మా అభిప్రాయం.

ఇంతవరకు చెప్పింది ఏ వామపక్ష మిత్రుడైనా ఒప్పుకుంటాడు. ఆ తర్వాతి మాట దగ్గరే పేచీ వస్తుంది. ఏ యూనియన్ చనిపోయిందని మనం దుఃఖిస్తున్నామో ఆ మిల్లులో దళితుడు ఎక్కడున్నాడు? నేతఖాతాలో లేడు. కండెలో దారం తెగితే నోటితో పీల్చి నాడెలో ఎక్కించాలి గనక, అంటరానివాడు ముట్టిన నాడె మేము నోట పెట్టుకోమన్నారు సవర్ణ కార్మికులు. కూలి ఎక్కువ వచ్చే ఖాతా అది. దళితులు తక్కువ కూలి వచ్చే స్పిన్నింగ్‌లో ఉండిపోయారు. 1928 సమ్మెలో అంబేద్కర్ ఈ ప్రశ్న లేవనెత్తినప్పుడు యూనియన్ నాయకులు ఇబ్బంది పడ్డారు. ఆయన అప్పుడు ఉంటున్నది కూడా ఆ మిల్లుల నడుమనే, పరేల్ బి.ఐ.టి. చాల్‌లో. కాబట్టి డాన్ కీర్తి కొట్టేసి దాని చోట కార్మిక ఐక్యత కీర్తి పెడితే మన పని అయిపోదు. దీవార్ తండ్రి వర్మ గనక అతని నోటికి ఏ నాడె అడ్డం రాలేదు.

1998లో రాంగోపాల్ వర్మ సత్య తీశాడు. తెలుగువాడు తీసిన ఈ సినిమా బొంబాయి నేర చిత్రానికి కొత్త ముఖం ఇచ్చిందని అందరూ ఒప్పుకున్నదే. వాన, ఇరుకు గదులు, మామూలు మనుషుల్లాంటి గూండాలు - ఇవి బాగున్నాయి, కాదనం. అయితే సత్య అనేవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఊరు లేదు, తల్లిదండ్రులు లేరు, కులం లేదు. మన తెలుగు ఫ్యాక్షన్ సినిమాలో హీరో కులం టైటిల్ లోనే కనపడుతుంది - సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001). బొంబాయి చేరేసరికి ఆ తోక మాయం! గిరణ్‌గావ్‌లో మనుషుల్ని చాళ్ళుగా, ఖాతాలుగా విడగొట్టింది ఏదో అదే తెర మీద లేకుండా పోయింది. మతం మాత్రం పోలేదు. డోంగ్రీ అనగానే ఒక మతం గుర్తొచ్చేట్టు చేశారు. 1993 మార్చి 12 బాంబు పేలుళ్ళలో 257 మంది పోయారు. దాని మీద సినిమాలొచ్చాయి, రావాల్సిందే. అంతకుముందు 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో 900 మంది చచ్చిపోయారని, వాళ్ళలో 575 మంది ముస్లిములని శ్రీకృష్ణ కమిషన్ తేల్చింది. ఆ వీధులను చూపించమని ఏ యాత్రికుడూ అడగడు.

ఇక కామాఠీపుర. ఆ పేరు వినగానే మనకు కమతగాడు గుర్తుకు రాక మానడు. హైదరాబాదు రాజ్యం నుంచి, తెలుగు జిల్లాల నుంచి వలస పోయి బొంబాయి ఇళ్ళు, రోడ్లు కట్టిన కూలీలను అక్కడివాళ్ళు కామాఠీలన్నారు. వాళ్ళు కట్టుకున్న పేట అది. 1873లో ఫూలే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువాళ్ళున్నారు. ఈ చరిత్ర ఏ సినిమాలోనూ లేదు, మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో కూడా లేదు.

గంగూబాయి సినిమాలో ఏముంది? కాఠియావాడ్ బారిస్టరు గారి కూతుర్ని ప్రియుడు మోసం చేసి అమ్మేస్తాడు. ప్రేక్షకుడి గుండె ఎందుకు కరుగుతుంది? పెద్దింటి పిల్లకు రాకూడని గతి వచ్చిందని. మరి ఆ గతి రావాల్సినదిగా ముందే రాసిపెట్టబడిన పిల్లల మాటేమిటి? ఉత్తర కర్ణాటక దేవదాసీలు, తెలంగాణ జోగినులు - దాదాపు అందరూ దళిత పిల్లలు - దేవత పేరు చెప్పి ఊరి పెద్దలకు అప్పగించబడినవాళ్ళు. వాళ్ళలో ఎందరో బొంబాయి గల్లీలకు చేరారు. వాళ్ళను మోసం చేసి అమ్మాల్సిన పని ఏ ప్రియుడికీ లేదు. ఊరే ముందుగా ఆ పని చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. ఆ పిల్లలు సినిమాలో గంగూబాయి ఉపన్యాసానికి చప్పట్లు కొట్టే గుంపు.

ఈ వాడ పక్కనే గోల్‌పీఠా. నామ్‌దేవ్ ధసాల్ పెరిగింది అక్కడే. టాక్సీ నడిపాడు. 1972లో ఆ పేరుతోనే కవితా సంపుటి తెచ్చాడు, అదే ఏడు మిత్రులతో కలిసి దళిత్ పాంథర్స్ పెట్టాడు. ముందుమాట రాసిన విజయ్ టెండూల్కర్ పెద్ద నాటకకర్త, మరాఠీ బ్రాహ్మణుడు. ఆయనకే అందులోని మాటలు చాలా తెలియలేదు. ధసాల్ దగ్గర అర్థాలడిగి, అతనితో కలిసి ఆ వీధులు తిరిగాడు. ఇది కూడా స్థల సందర్శనే. తేడా ఏమంటే దారి చూపిందీ, మాటకు అర్థం చెప్పిందీ ఆ వాడ మనిషి. చూడవచ్చినవాడు తన భాష తనకు చాలదని ఒప్పుకున్నాడు.

సినిమాలో అటువంటి ప్రయత్నమే లేదా అంటే, పా. రంజిత్ కాలా (2018) ఉంది. అదీ చాలావరకు మద్రాసు దగ్గర సెట్టే, పైగా రజనీకాంత్ సినిమా గనక వీరారాధన తప్పలేదు. అయినా అందులో తగాదా సరుకు కోసం కాదు, భూమి కోసం. ధారావిలో బుద్ధ విహారం కనిపిస్తుంది, గోడల మీద అంబేద్కర్ కనిపిస్తాడు. నాయకన్‌లో చేతులు జోడించి నిలబడ్డ జనం ఇందులో పని మానేసి నగరాన్ని ఆపుతారు. నలభై ఏళ్ళ కింద దీవార్ మొదట్లో చచ్చిపోయిన సమ్మె ఇక్కడ తిరిగి లేచింది. నాలుగేళ్ళకు, 2022 నవంబరులో, అసలు ధారావి పునర్నిర్మాణం టెండరు అదానీ సంస్థకు దక్కింది.

గంగూబాయి విడుదలకు ముందు, 2022 ఫిబ్రవరిలో, కామాఠీపుర వాసుల తరఫున, స్థానిక ఎమ్మెల్యే తరఫున బొంబాయి హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. మా పేటంతా వ్యభిచారం కాదు, మా పిల్లలకు చెడ్డపేరు వస్తుంది అన్నారు. కోర్టు కొట్టేసింది. ఆ బాధ నిజమైందే. పేట పేరు చెప్తే పెళ్ళి సంబంధం తప్పిపోయే చోట బతికేవాళ్ళ బాధ అది, తేలిగ్గా తీసెయ్యలేం. కానీ అందులో 'మేము', 'వాళ్ళు' అని ఒక గీత ఉంది. ఆ గీతకు అవతల మిగిలినవాళ్ళలో జోగిని తల్లులూ వాళ్ళ పిల్లలూ ఉన్నారు. వాళ్ళ తరఫున కోర్టుకు పోయినవాళ్ళెవరూ కనిపించలేదు.