గానుగ నింపే చెయ్యి

కోనసీమ కొబ్బరి అంటే బయటివాళ్లకి ముందు కురిడీయే గుర్తొస్తుంది. పీచుతోనే అటకెక్కించి నెలల తరబడి వదిలేస్తే, లోపలి నీళ్లు ఇగిరిపోయి కొబ్బరి చిప్పని వదిలేస్తుంది. కాయ ఊపితే లొడలొడలాడుతుంది. అంబాజీపేట నుంచి లారీలెక్కి ఉత్తరాదికి పోయేది ఆ సరుకే. దాన్ని గానుగలో పోసేవాడెవడూ ఉండడు, గిట్టదు. నూనెకి పోయేది వేరే. కాయని రెండు చెక్కలుగా కొట్టి, ఎండలో ఆరేసి, చిప్ప నుంచి ఊడదీసిన ఎండుకొబ్బరి. మార్కెట్లో దాని పరువు కురిడీ కంటే ఒక మెట్టు కిందే. కానీ దాని చుట్టూ ఉన్న పనితనం తక్కువదేమీ కాదు.

ఆ పనితనం మొదలయ్యేది ఆరబెట్టడంలో. పచ్చి కొబ్బరిలో సగానికి సగం నీరే. అది 6, 7 శాతానికి దిగేదాకా ఎండాలి. వానాకాలంలో, గోదావరి పాయల మధ్య, గాలే చెమ్మగా ఉండే చోట ఇది చెప్పినంత తేలిక కాదు. సరిగా ఎండని కొబ్బరికి బూజు పడుతుంది, నూనె పచ్చబడుతుంది, కమురు వాసన కొడుతుంది. అంతకంటే ముందు గానుగలోనే మొరాయిస్తుంది. చెమ్మ ఎక్కువైతే ముద్దయి రోకలి వెంట జారిపోతుంది, నలగదు. మరీ పెళపెళలాడితే పొడై పైకి ఎగదన్నుతుంది. రెండింటికీ నడుమ ఒక స్థితి ఉంది. వేలితో విరిచి, ఆ విరిగిన చప్పుడుని బట్టి సరుకు కొనేవాళ్లున్నారు.

గానుగంటే అందరికీ తెలిసినట్టే ఉంటుంది, ఎద్దు తిరుగుతుంది, నూనె కారుతుంది. దగ్గరికెళ్లి రోట్లోకి తొంగిచూస్తే అసలు సంగతి వేరు. రోలు నేలలోకి పాతిన మొద్దు, లోపల గరాటులా పైన వెడల్పు, కిందికి సన్నం. చింత, దిరిసెన లాంటి గట్టి కర్రలు ఈ పనికి వాడతారు. రోకలి నిటారుగా నిలబడదు, ఒక పక్కకి వాలి ఉంటుంది. దాని పైకొసకి కట్టిన అడ్డకర్ర మీద రాళ్లు పేరుస్తారు, లేదా తోలేవాడే ఎక్కి కూర్చుంటాడు. ఆ బరువే రోకలిని రోటి గోడకేసి అదుముతుంది. ఎద్దు చేసేది తిప్పడమే, ఒత్తిడి దానిది కాదు. ఈ తేడా తెలియకపోతే గానుగ పనితనమంతా ఎద్దు ఖాతాలో రాసేస్తాం.

ఇక నింపడం. కొబ్బరిని ముందు వేలి కణుపంత ముక్కలుగా తరుక్కోవాలి. అంతా ఒక్కసారే కుమ్మరిస్తే రోకలి మునిగిపోయి, ముక్కలు దాని చుట్టూ ఊరికే గింగిరాలు తిరుగుతాయి. అందుకని మొదట కాసిన్ని పోసి, అవి నలిగి గోడకి పూతలా అంటుకునేదాకా ఆగుతారు. ఆ పూత మీద ఇంకో దోసెడు, అది కూడా కూర్చున్నాక మరో దోసెడు. మధ్యలో గోరువెచ్చటి నీళ్లు చిలకరిస్తారు. నూనెలో నీళ్లేమిటని కొత్తవాళ్లు కంగారుపడతారు గానీ, పిండికి పట్టు వచ్చేది ఆ చెమ్మతోనే. పిండి నీటిని పట్టుకుని నూనెని వదులుతుంది. నీళ్లు తక్కువైతే పిండి పొడిపొడిగా రాలిపోతుంది, ఎక్కువైతే నూనె, నీళ్లు, పిండి కలిసి పాయసమైపోతాయి. ఎన్ని నీళ్లన్నది ఆ రోజు ఎండని బట్టీ, ఆ కొబ్బరిని బట్టీ మారుతుంది. దానికి కొలత గిన్నె లేదు.

అంతటితో అయిపోలేదు. గోడకి కట్టిన పిండి కాసేపటికి రాయిలా బిగుస్తుంది. అలా బిగిసిన చోట రోకలి జారుతుందే తప్ప లోపలికి దిగదు. అప్పుడు ఇనప చువ్వతో ఆ పొరని పెళ్లగించి, కిందిది పైకి, పైది కిందికి తిరగేసి మళ్లీ రోకలి దారిలోకి తోస్తారు. రోకలి తిరుగుతుండగానే, వేళ్లు నలగకుండా. గానుగలో అసలైన పరికరం ఏదని నన్నడిగితే రోకలి అనను, ఆ చువ్వ పట్టుకున్న చెయ్యి అంటాను. అడుగున బెజ్జం ఉన్న రోలైతే నూనె తనంతట కారుతుంది. లేని రోళ్లలో కర్రకి చుట్టిన గుడ్డని ముంచి, పిండి తియ్యాల్సిందే.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, మొక్కల సరుకులోంచి సారం లాగే పనులన్నిటిలోనూ చిక్కు ఒక్కటే: సరుకు ఎలా సర్దుకుంది? ఇంట్లో కాఫీ ఫిల్టరే చూడండి. పొడిని వదులుగా వదిలేస్తే నీళ్లు ఏదో ఒక పక్కన దారి చేసుకుని దిగిపోతాయి, డికాక్షన్ పల్చన. గట్టిగా అదిమితే తెల్లారేదాకా ఒక్కో బొట్టే. ప్రయోగశాలలోనూ ఇదే గొడవ. కొబ్బరిలో నూనె శాతం తేల్చడానికి వాడే సాక్స్‌లెట్ పరికరం జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో రూపొందించింది. అందులో కొబ్బరి పొడిని కాగితపు గొట్టంలో పోసి, పైన దూది పెట్టి, ద్రావకం మళ్లీ మళ్లీ దాని గుండా దిగేలా చేస్తారు. పొడి మరీ మెత్తగా ఉంటే ద్రావకం నిలిచిపోతుంది, ముతకగా ఉంటే నూనె లోపలే ఉండిపోతుంది. హెక్సేన్ అనే ద్రావకం పోసి, పిండాక మిగిలే చెక్కలోంచి ఇంకా ఉన్న నూనె లాగే పెద్ద ఫ్యాక్టరీల్లోనూ లక్షలు పోసి కొన్న యంత్రం మెత్తటి పొడి దగ్గరే తడబడుతుంది. అందుకే అక్కడ చెక్కని పలుకుగానో రేకుగానో మార్చి గాని లోపలికి పంపరు.

ఈ విద్య కులవృత్తిగా బతికింది. కోస్తాలో తెలికలవాళ్లు, సీమలో, తెలంగాణలో గాండ్లవాళ్లు తరతరాలుగా దీన్ని చేతుల్లో మోశారు. కాగితం మీదికి ఎక్కింది మాత్రం ఆలస్యంగానే. 1934 డిసెంబరులో గాంధీజీ అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టాక, వార్ధాలో ఝవేర్‌భాయి పటేల్ గానుగని మెరుగుపరిచే పనిలో దిగారు. వార్ధా గానుగ అలా వచ్చింది. హైదరాబాద్‌లో, ఇప్పుడు ఐఐసీటీ అంటున్న పరిశోధనాశాలలో ఏళ్ల తరబడి నూనెల మీద పనిచేసిన కె.టి. అచ్చయ్య 1993లో గానుగ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఒక రోలూ రోకలికి అంత పుస్తకమా అనుకునేవాళ్లు ఒక పూట గానుగ పక్కన నిలబడి చూడాలి.

ఇప్పుడు ఊళ్లలో కనిపించేది చాలావరకు మోటారు గానుగ. ఇందులో రోకలి ఒకచోట నిలబడి ఉంటుంది, రోలే తిరుగుతుంది. చువ్వ పట్టుకున్న చెయ్యి స్థానంలో వంపు తిరిగిన ఇనప పలక ఒకటి రోట్లోకి వేలాడుతుంది. తిరుగుతున్న గోడ నుంచి పిండిని గీరి రోకలి కిందికి తోయడం దాని పని. చూడ్డానికి పారలా ఉండే ఆ పలకలోనే ఉంది కిటుకంతా. గోడకి దూరమైతే పొర బిగిసిపోతుంది, మరీ దగ్గరైతే రోలునే చెక్కేస్తుంది. అయితే పలకకి కళ్లు లేవు. నీళ్లెప్పుడు చిలకరించాలో, ముక్కలెప్పుడు పోయాలో చూడ్డానికి పక్కన మనిషి ఉండాల్సిందే.

ఎక్స్‌పెల్లర్ ఆ మనిషిని కూడా చాలామటుకు తప్పించింది. అమెరికాలో వాలెరియస్ ఆండర్సన్ 1900లో తెచ్చిన యంత్రమది. గొట్టంలో మరమేకులా తిరిగే ఇరుసు సరుకుని తనే లాక్కుని, తనే కుక్కి, తనే పిండుతుంది. బాగా ఎండిన కొబ్బరిలో నూనె సుమారు 65 శాతం. ఎక్స్‌పెల్లర్‌లో ఆడాక చెక్కలో 6 నుంచి 8 శాతం మిగిలితే, గానుగ పిండిలో 10 దాటి ఉండిపోతుంది. లెక్క చూసుకునే మిల్లువాళ్లు గానుగని వదిలేశారంటే తప్పుపట్టలేం.

ఈమధ్య మళ్లీ గానుగ నూనెకి గిరాకీ వచ్చింది, మంచిదే. కానీ సీసాల మీద ‘చెక్క గానుగ’, ‘ఎద్దు గానుగ’, ‘కోల్డ్ ప్రెస్డ్’ అని రాసుకోవడం చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. పుష్యమాసపు పొద్దున్న సీసాలో పేరుకున్న నూనె చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, నిజంగా చల్లగా ఉన్న గానుగలోంచి ఒక్క చుక్క కూడా రాదు. రాపిడి వేడే నూనెని కరిగించి కిందికి దింపుతుంది. గానుగ ఎక్స్‌పెల్లర్ అంత వేడెక్కదన్న మాట నిజం, వాసన నిలిచేదీ అందుకే. కర్ర రోలు పెట్టి, బూజు కొబ్బరి పోసి, ఒకేసారి కుమ్మరించి ఆడితే వచ్చే నూనెకి మాత్రం ఏ ఎద్దూ పూచీ పడదు.

గానుగవాడి పనితనం చూడాలంటే నూనెని వాసన చూడ్డం కంటే పిండిని విరిచి చూడ్డం మేలు. సమంగా ఆడిన పిండి పొరలు పొరలుగా, ఒకే రంగులో విరుగుతుంది. తేడా వస్తే అక్కడక్కడ నూనె మరకలు మెరుస్తాయి, తెల్లటి పలుకులు నలక్కుండా కనిపిస్తాయి. అక్కడ రోకలి సరిగా దిగలేదన్నమాట. పాడి ఉన్నవాళ్లకి మాత్రం ఆ మిగిలిన నూనె మీద ఫిర్యాదేమీ లేదు. కుడితిలో నానేసి పెడితే గేదె గోలెం నాకేస్తుంది. అందుకే వాళ్లు ఎక్స్‌పెల్లర్ చెక్క కంటే గానుగ పిండికే ఒక రూపాయి ఎక్కువివ్వడానికి వెనకాడరు.