నవ్వని ముఖము: ‘డారియా’లో ఒక ఘట్టము

అమెరికాలో ఎం.టి.వి. 1997 మొదలు 2002 వరకు ప్రసారము చేసిన ‘డారియా’ యను బొమ్మల ధారావాహికము హాస్యకృతిగా ప్రసిద్ధి కెక్కినది. అందు మొదటి భాగపు చివరి కథ మాత్రము మరణమును గూర్చినది. ‘ది మిజరీ చిక్’ అను దాని పేరును ‘ఏడుపుగొట్టు పిల్ల’ యని తెనిగింపవచ్చును. 1997లో వెలువడిన ఈ చిన్న కథను మేమిచట విమర్శకు గైకొనుట కొందరికి వింత గొల్పవచ్చును. కాని కొల్లేటి లంక గ్రామములనుండి వచ్చి, ఏలూరులోనో తాడేపల్లిగూడెములోనో చివరి బల్లపై కూర్చుండి, అన్నిటికిని జవాబు తెలిసియు నోరు విప్పని బాలికను ఎరుగని అధ్యాపకుడుండడు. ఆమెకు తోడివారు పెట్టు పేర్లును మన మెరుగుదుము.

పూర్వవిద్యార్థియగు టామీ షెర్మన్ అను ఆటగాడు తన గౌరవార్థము నిలుపనున్న గోలుస్తంభమును చూడవచ్చి, కనబడినవారి నెల్ల అవమానించును. డారియాకు పై బిరుదము నిచ్చినవా డితడే. పిమ్మట ఆ స్తంభమే మీదపడి మరణించును. అంతవరకు డారియాను సరకుచేయనివారు ఒకరి వెంట నొకరు ఆమె కడకు వత్తురు. నవ్వదు గావున ఆమెకు దుఃఖము పరిచితము. పరిచితము గావున ఓర్చుకొను ఉపాయమును చెప్పగలదు. ఇది వారి తర్కము. ప్రాణస్నేహితురాలైన జేన్ మాత్రము తప్పించుకొని తిరుగును. అతడు చచ్చిన బాగుండునని పరిహాసమాడినది తానే యను బెదురు ఆమెది.

ఈ కథలోని విషాదము షెర్మన్ మరణమున లేదు. ఆలోచించుటయే దుఃఖించుటగా లోకము తలచుచున్నదని ఒక బాలిక తెలిసికొనుటలో నున్నది. చిత్రణమును దీనికి తగినట్లే యున్నది. డారియా ముఖమున రేఖలు స్వల్పము, స్వరమున హెచ్చుతగ్గులు లేవు. ప్రేక్షకుడును ఆ ముఖమును చదువబోయి తోడివిద్యార్థులవలెనే పొరబడును.

ఏలూరున 1916లో జన్మించిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దీనికి వ్యతిరేకమార్గమును త్రొక్కెను. దయానిధి ముఖము కాదు, మనస్సే మనకు నిరంతరము గోచరించును. అతనికి అంటిన పేరు తన ప్రవర్తనవలన వచ్చినదియు గాదు. తల్లిని గూర్చిన అపవాదు కొడుకును వెన్నాడినది. అతడు దానిని వదలించుకొన రాయలసీమకు పోయినను అది వెంటబడెను. డారియా చిక్కుముడిని జేన్ ఒక్క సంభాషణలో విప్పివేయును. అట్టి స్నేహితురాలు దయానిధికి లభించియున్నచో ఆ నవల సగమునకు తగ్గియుండెడిది!

ఐతే ఆ సంభాషణయందే మాకు లోపము కనబడుచున్నది. తక్కినవారికి ఆలోచన యనిన తలనొప్పి, అది తగ్గువరకే నీ యవసరము, అని జేన్ చెప్పును. మాట చమత్కారముగా నున్నది గాని న్యాయముగా లేదు. షెర్మన్‌ను ఆరాధించిన కెవిన్ సంగతి చూడుడు. తాను కొలిచినవాడు నీచుడని తేలిన దినముననే మరణించెను. అట్టివాని కొఱకు ఎట్లు శోకింపవలెను? ఇది మందబుద్ధి ప్రశ్న కాదు. దానిని తీసికొని ఒకరి కడకు వచ్చుటయే ఆలోచన. ఏకాకి పక్షము వహించిన రచయితలు గుంపునందలి ఈ వేదనను చిత్రించియు, తుదకు పరిహాసముతో త్రోసిపుచ్చిరి.

బుచ్చిబాబు ఈ పక్షపాతమునకు లొంగలేదు. దయానిధి మేధను మెచ్చుచునే, అతడు ప్రేమింపలేకపోవుటకు లోకమొక్కటే కారణము కాదని చూపెను. ఈ రెండు కృతులను జతపరచి పరిశీలింపగోరు విద్యార్థులు కెవిన్ ఘట్టమునుండి ప్రారంభించుట మేలు.