అనుమానం ఎవరి మీదికి పోతుంది?

హంతకుడెవరో కథ చెప్పకముందే తేల్చేయాలన్న ఉబలాటం పాతదే. కొమ్మూరి సాంబశివరావు నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరానికి దాని రుచి బాగా తెలుసు. ఇప్పుడా పందెం కొరియన్ సీరియళ్ళ మీదికి మారింది. విద్యార్థులు రెండు ఎపిసోడ్లు చూసి, నేరస్తుడి పేరు చెప్పేసి, మిగతా పద్నాలుగూ తమ మాట నెగ్గుతుందా లేదా అని చూస్తున్నారు. దీన్ని వట్టి కాలక్షేపమని కొట్టిపారేసే పండితులతో మాకు పేచీ ఉంది. ఊహ ఊరికే రాదు. ఎవర్ని చూస్తే అనుమానం పుడుతుంది, ఎవర్ని చూస్తే పుట్టదు అన్నది సమాజం మనకి నేర్పి పెట్టిన చదువు. ఊళ్ళో కోడి పోతే ముందు ఏ పేట వైపు వేలు చూపిస్తారో ఈ పత్రిక పాఠకులకి మేము చెప్పనక్కర్లేదు.

ఈ చదువుని పరీక్షకి పెట్టిన సీరియల్ ఒకటుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జేటీబీసీ చానల్లో పదహారు ఎపిసోడ్లుగా వచ్చిన 'బియాండ్ ఈవిల్'. రచన కిమ్ సు-జిన్, దర్శకత్వం షిమ్ నా-యోన్. ఆ ఏడు బెక్‌సాంగ్ అవార్డుల్లో ఉత్తమ సీరియల్‌గా నెగ్గింది. కొరియన్‌లో దాని పేరు 'గ్వెముల్'. రాక్షసుడనుకోండి, వికృత జీవి అనుకోండి. రాక్షసుడన్న మాట ఈ దేశంలో ఎవరు ఎవర్ని అన్నారో ఫూలే 1873లోనే 'గులాంగిరి'లో అడిగాడు గనక ఆ పేరు దగ్గరే మేము కాస్త ఆగాం. ఇకపోతే, హంతకుడెవరో కింద చెప్పేస్తున్నాం. చూడనివాళ్ళు ముందు చూసి రండి.

మాన్‌యాంగ్ అనే చిన్న ఊరు. 2000లో లీ యు-యోన్ అనే అమ్మాయి మాయమైంది. ఆమె పది వేళ్ళ కొసలు ఇంటి ముంగిట దొరికాయి, మనిషి దొరకలేదు. పోలీసులు ఆమె కవల అన్న డాంగ్-షిక్‌నే పట్టుకున్నారు. ఇరవయ్యేళ్ళ తర్వాత అతనే ఆ ఊళ్ళో పోలీసు. మళ్ళీ ఒక ఆడపిల్ల, కాంగ్ మిన్-జోంగ్, మాయమవుతుంది. మళ్ళీ పది వేళ్ళ కొసలు. పెద్ద పోలీసు అధికారి కొడుకు, తానూ అధికారి అయిన హాన్ జూ-వోన్ ఈ ఊరికి వచ్చి డాంగ్-షిక్‌ని అనుమానిస్తాడు. మనమూ అనుమానిస్తాం. ఎందుకు? అతని నవ్వు బాగుండదు గనక. అతను ఏడవాల్సిన చోట నవ్వుతాడు గనక. దానికి తోడు ఆ వేళ్ళ కొసల్ని దుకాణం ముందు పేర్చింది అతనేనని దర్శకురాలు మనకే చూపిస్తుంది. ఇంకేం కావాలి, కేసు ముగిసిందంటాం. షిన్ హా-క్యున్ నటన అంతా ఈ నవ్వు మీదే నిలబడింది. ఒక్కసారి అనుమానితుడిగా ముద్ర పడ్డ మనిషి ముఖం ఇరవయ్యేళ్ళకి ఎలా తయారవుతుందో ఆ ముఖం చెబుతుంది. నిందపడ్డవాడు నవ్వితే పొగరంటారు, ఏడిస్తే నటనంటారు, ఊరుకుంటే ఒప్పుకున్నాడంటారు.

మిన్-జోంగ్‌ని చంపింది ఆమె తండ్రి జిన్-ముక్. చిన్న దుకాణం నడుపుకునే, అందరి ముందూ తలొంచుకుని మాట్లాడే మనిషి. ఈ గుట్టు కథ సగంలోనే విప్పేశారు. పందెం కాసినవాళ్ళకి ఇది నిరాశే. మాకు మాత్రం సీరియల్ అసలు బలం ఇక్కడే కనిపించింది. లాకప్‌లో చనిపోతూ జిన్-ముక్ ఒక మాట రాసి పోతాడు, యు-యోన్‌ని చంపింది తాను కాదని. అప్పటి నుంచి వేట ఇళ్ళ నుంచి ఆఫీసుల మీదికి మళ్ళుతుంది. రాజకీయ నాయకురాలు, భూముల వ్యాపారి, చివరికి దేశ పోలీసు శాఖకి అధిపతి కాబోతున్న హాన్ గి-హ్వాన్, అంటే జూ-వోన్ కన్నతండ్రి. తాగి కారు నడిపి యు-యోన్‌ని గుద్దినవాడు అతను. దర్యాప్తు చేయాల్సిన చెయ్యే నేరం చేసిన చెయ్యి. మొదటి రెండు ఎపిసోడ్లలో ఇతని పేరు చెప్పిన విద్యార్థి ఎవరైనా ఉంటే మాకు చూడాలని ఉంది. ఇస్త్రీ యూనిఫాం మీదికి మన అనుమానం ఎందుకు పోలేదని ఎవరికి వారు అడుగుకోవచ్చు.

ఇది కల్పన గనక సరిపోయింది అంటారేమో. హ్వాసోంగ్‌లో జరిగింది చూడండి. 1986 నుంచి 1991 దాకా ఆ గ్రామీణ ప్రాంతంలో పదిమంది ఆడవాళ్ళు హత్యకి గురయ్యారు. బోంగ్ జూన్-హో 2003లో 'మెమరీస్ ఆఫ్ మర్డర్' తీసింది ఆ కేసు మీదే. అందులో డిటెక్టివ్ మనిషి కళ్ళు చూసి నేరస్తుడో కాదో చెప్పేయగలనంటాడు. మొదట పట్టుకొచ్చేది ముఖం మీద కాలిన మచ్చలున్న, బుద్ధి ఎదగని కుర్రాణ్ణి. నిజమైన కేసులో 1988 నాటి ఎనిమిదో హత్యకి పోలీసులు పట్టుకుంది వ్యవసాయ యంత్రాలు బాగుచేసే 22 ఏళ్ళ పేద యువకుణ్ణి. పోలియోతో ఒక కాలు కుంటి. నిద్రపోనివ్వకుండా నేరం ఒప్పించారు. ఇరవయ్యేళ్ళు జైల్లో ఉండి 2009లో బయటికొచ్చాడు. అసలు హంతకుణ్ణి, అంతకుముందు విచారించి వదిలేసిన మనిషిని, 2019లో డీఎన్‌ఏ పట్టిచ్చింది. అతను 1994 నుంచీ మరో హత్య కేసులో జైల్లోనే ఉన్నాడు. కుంటివాడని ముద్రపడ్డ మనిషిని 2020 డిసెంబర్‌లో కోర్టు నిర్దోషి అంది. అప్పటికి అతనికి యాభై దాటాయి.

ఈ కథ చదువుతుంటే తెలుగు పాఠకుడికి ఇబ్రహీంపట్నం గుర్తుకు రాకపోదు. 2007 డిసెంబర్‌లో అక్కడి హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2008లో ఒక దళిత యువకుణ్ణి పట్టుకొచ్చి నేరస్తుడన్నారు. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదు, ఇతను కాదు అని మొత్తుకున్నారు. 2010లో యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. డిటెక్టివ్ కథలో తప్పుడు ఊహకి ప్రేక్షకుడు కట్టేది ఏమీ లేదు. మహా అయితే స్నేహితులకి ఒక టీ. బయట దాన్ని ఏళ్ళ లెక్కన కట్టేవాళ్ళు వేరే ఉన్నారు.

మళ్ళీ మాన్‌యాంగ్‌కి వద్దాం. ఊరివాళ్ళంతా సాయంత్రం చేరేది ఒక మాంసం కొట్లో. దాన్ని నడిపేది యూ జే-యి అనే యువతి. తల్లి మాయమైపోయాక ఒంటరిగా కొట్టు నిలబెట్టుకున్న మనిషి. కత్తి చేతిలో ఉన్నా కథ ఆమెని హంతకురాలిలా చూపించలేదు. ఇది చిన్న విషయం కాదు. ఎందుకంటే కొరియాలో పశువుల్ని కోసే కులం ఒకటుండేది, బెక్‌జోంగ్. ఊరి బయట బతుకు, పెళ్ళిలో చావులో ఆంక్షలు. 1894 సంస్కరణలు కాగితం మీద ఆ అంతరాన్ని రద్దు చేశాయి. కాగితం కాగితంగానే ఉండిపోతే, 1923లో జింజు పట్నంలో హ్యోంగ్‌ప్యోంగ్‌సా అనే సంఘం లేచింది. సమానత్వానికి వాళ్ళు పెట్టుకున్న పేరులో ఉన్నది తక్కెడ, మాంసం తూచే తక్కెడ. మహద్ చెరువు పోరాటానికి అది నాలుగేళ్ళ ముందు. అయినా ఇవాళ్టికీ కనికరం లేని హంతకుణ్ణి తిట్టడానికి కొరియన్ భాషలో ఉన్న మాట 'ఇన్‌గాన్ బెక్‌జోంగ్', మనుషుల్ని కోసే బెక్‌జోంగ్ అని. కులం పోయినా తిట్టు మిగిలింది. 'కసాయి' అన్న మాటని మనం ఎంత అలవాటుగా వాడుతున్నామో తలుచుకుంటే, ఈ సీరియల్లో మాంసం కొట్టు ఊరందరి ఓదార్పుకి చోటు కావడం ఎంత విలువైనదో తెలుస్తుంది. రచయిత్రి ఇది ఎరిగి చేసిందో లేదో మాకు అక్కర్లేదు.

మా పేచీ అంతా లీ గుమ్-హ్వా దగ్గర. పత్రాలు లేకుండా బతుకుతున్న వలస స్త్రీ. హంతకుణ్ణి పట్టడానికి జూ-వోన్ ఆమెని ఎరగా పంపాడు, ఆమె తిరిగి రాలేదు. రెల్లు పొదల్లో దొరికిన ఎముకలు ఆమెవి. జూ-వోన్ కుమిలిపోతాడు, నిజమే. యో జిన్-గూ ఆ కుమిలిపోవడాన్ని నిజాయితీగానే చేశాడు. కానీ యు-యోన్‌కీ మిన్-జోంగ్‌కీ కథలో దొరికినంత చోటు గుమ్-హ్వాకి దొరకలేదు. వాళ్ళకి ఇల్లుంది, వీధి ఉంది, వెతికేవాళ్ళున్నారు. ఆమె చావు అధికారి అంతరాత్మకి మేతగా మిగిలింది. హత్యలో కూడా ఇంటిపిల్ల, పరాయిపిల్ల అన్న తేడా ఉంటుందని తెలిసిన రచయిత్రి, ఆ తేడాని చూపించి, దాన్ని దాటకుండా ఆగిపోయింది. చివర్లో డాంగ్-షిక్ చేతులు చాచి జూ-వోన్ చేత బేడీలు వేయించుకునే దృశ్యం గొప్పగా ఉంటుంది, చాలామంది ఏడ్చారట. ఇద్దరు పోలీసులు ఒకరినొకరు క్షమించుకుంటున్న ఆ గదిలో గుమ్-హ్వా తరఫున నిలబడ్డ మనిషి ఒక్కరూ లేరు. హంతకుడి పేరు మీద పందెం కాసిన మా విద్యార్థుల్ని, రెల్లు పొదల్లో దొరికినామె పేరేమిటని అడిగి చూశాం. ఇద్దరికి గుర్తుంది.