నేల మీది బరువు, భుజాల మీది బరువు

వరి కోతలయ్యాక రైస్ మిల్లు దగ్గర లారీకి బస్తాలెక్కించే హమాలీలను గమనించండి. 75 కిలోల ధాన్యం బస్తాను ఇద్దరు చెరో కొసా పట్టి లేపుతారు. మూడో మనిషి వంగి వీపు ఇస్తాడు. వీపు మీద బరువు కుదురుకున్నాక వాలుగా వేసిన చెక్క మీదుగా నడిచి లారీ ఎక్కేస్తాడు. అదే బస్తాను ప్రతిసారీ నేల మీంచి తానొక్కడే లేపి వీపుకెత్తుకోవాలంటే పూట గడిచేసరికి నడుము పట్టేస్తుంది. మోసే బలం వేరు, లేపే బలం వేరు. పవర్‌లిఫ్టింగ్ ఈ రెండింటినీ విడదీసి కిలోల్లో కొలుస్తుంది. స్క్వాట్‌లో బరువు భుజాల మీద ఉంటుంది, డెడ్‌లిఫ్ట్‌లో నేల మీద ఉంటుంది.

జిమ్ముకు కొత్తగా వెళ్ళే కుర్రాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, డెడ్‌లిఫ్ట్ 140 లేస్తోంది, స్క్వాట్ మాత్రం 100 దగ్గరే ఆగిపోయింది. నా కాళ్ళలో బలం లేదా?" ఇంకొకడిది దీనికి తిరగేసిన బాధ. ఇద్దరికీ జవాబు ఒకటే: ముందు నీ ఎముకల పొడవులు చూసుకో. రెండు అంకెల మధ్య ఉండే తేడా చాలావరకు మన దేహం కట్టుబడిని చెబుతుంది. దాన్ని లోపంగా లెక్కగట్టడం వల్లే చాలామంది అనవసరంగా దిగులు పడుతున్నారని నా నమ్మకం.

స్క్వాట్ ఎలా సాగుతుందో చూద్దాం. బార్‌ను మెడ కింద వీపు పైభాగాన ఆనించుకుని స్టాండ్ నుంచి వెనక్కి జరగాలి. ఊపిరి బిగబట్టి, పొట్టను గట్టి చేసి, రెఫరీ సైగ ఇచ్చాక కిందికి దిగాలి. తొడ పైభాగాన, తుంటి దగ్గర పడే మడత మోకాలి పైఅంచు కన్నా కిందికి వెళితేనే లెక్క. అక్కడి నుంచి లేచి నిటారుగా నిలబడి, మళ్ళీ సైగ వచ్చాకే బార్‌ను స్టాండ్‌లో పెట్టాలి. దిగేటప్పుడు సాగిన కండరాలూ స్నాయువులూ లేచేటప్పుడు కొంత ఊతమిస్తాయి. కానీ ఆ ఊతం అడుగు నుంచి కొద్దిగా పైకి వచ్చేదాకే. తొడలు నేలకు సమాంతరంగా వచ్చే చోటు దాటుతుండగా అది అయిపోతుంది. బరువులు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. అక్కడ ఆగినవాడు బరువు కింద ఉంటాడు. అందుకే పక్కన మనుషులో, సేఫ్టీ బార్లో లేకుండా బరువైన స్క్వాట్ చేయకూడదు.

డెడ్‌లిఫ్ట్‌లో దిగడం లేదు. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మనిషే దాని దగ్గరికి వంగి, పట్టుకుని, వెన్ను గట్టిపరచి, కదలకుండా పడి ఉన్న బరువును కదిలించాలి. ముందుగా సాగిన కండరం ఇచ్చే ఊతం ఇక్కడ దొరకదు. అయినా చాలామందికి డెడ్‌లిఫ్టే ఎక్కువ ఎందుకు వస్తుంది? మోకాళ్ళు స్క్వాట్‌లో అంత లోతుగా మడవనక్కర్లేదు కాబట్టి. మోకాలు తక్కువ వంగి ఉన్నప్పుడు కాళ్ళు ఎక్కువ బరువును నెట్టగలవు. ఆ పైన పిరుదులూ తొడ వెనక కండరాలూ పని అందుకుంటాయి. వీపు కండరాలు మొదటి నుంచి చివరి దాకా ఒక్క క్షణం సడలకుండా వెన్నును నిలబెడతాయి.

అయితే ఇక్కడొక పీటముడి ఉంది. కాళ్ళకూ వీపుకూ ఎంత బలమున్నా బార్‌ను పట్టి ఉంచాల్సింది వేళ్ళే. పోటీలో చేతిని బార్‌కు కట్టే పట్టీలు వాడనివ్వరు. అందుకే ఒక అరచేయి తన వైపుకు, రెండోది బయటికి ఉండేలా పట్టుకుంటారు, లేదా బొటనవేలిని బార్‌కు చుట్టి దాని మీద మిగతా వేళ్ళు బిగిస్తారు. రెండోది మొదట్లో నొప్పి పుట్టిస్తుంది గానీ, అలవాటైతే పట్టు జారదు.

కాళ్ళు బాగా ఎడంగా పెట్టి, చేతులు కాళ్ళ మధ్యలో ఉంచి లేపే సూమో పద్ధతిని కొందరు అడ్డదారి అంటారు. నేను ఒప్పుకోను. అందులో బార్ ప్రయాణించే దూరం తగ్గేమాట నిజమే. కానీ నేల నుంచి కదిలించడం ఎక్కువ కష్టం, తుంటి దగ్గర చాలా వెసులుబాటు కావాలి. నియమాలు అనుమతించిన పద్ధతిలో తన దేహానికి నప్పేదాన్ని ఎంచుకోవడం నేర్పే అవుతుంది.

ఎముకల మాటకు వస్తే లమార్ గాంట్ కన్నా మంచి సాక్ష్యం లేదు. 1985లో ఈ అమెరికన్ 60 కిలోల విభాగంలో 300 కిలోల డెడ్‌లిఫ్ట్ చేశాడు. తన బరువుకు అయిదు రెట్లు ఎత్తిన తొలి మనిషి అతనే. అతనికి పుట్టుకతోనే చేతులు పొడవు. పైగా వెన్ను పక్కకు వంకర తిరిగే స్కోలియోసిస్ వల్ల మొండెం పొట్టిదైంది. పొడవు చేతులు బార్‌ను త్వరగా అందుకున్నాయి, పొట్టి మొండెం వెన్ను మీద పడే భారాన్ని తగ్గించింది. లోకం జబ్బుగా చూసిన వంకర ఈ ఒక్క లిఫ్ట్‌లో అతనికి తోడైంది. దానికి ఏళ్ళ సాధన కలిసింది.

అటు చివర పోలండ్‌కు చెందిన ఆంద్జెయ్ స్తనాషెక్ ఉన్నాడు. మరుగుజ్జు దేహం, పొట్టి కాళ్ళు. 52 కిలోల విభాగంలో, బిగుతు సూటు వేసుకునే పోటీల్లో, అతను 300 కిలోలకు పైగా స్క్వాట్ చేశాడు. అతని డెడ్‌లిఫ్ట్ ఆ దరిదాపులకు కూడా రాలేదు. పొట్టి కాళ్ళ మీద దిగాల్సిన లోతు తక్కువ, కానీ పొట్టి చేతులతో నేలను అందుకోవడానికి చాలా వంగాలి. ఇద్దరూ ప్రపంచ స్థాయి బలశాలులే. వీళ్ళలో ఒకరి కొలమానంతో మరొకరిని తూచితే అన్యాయం జరుగుతుంది. స్తనాషెక్ వేసుకున్న సూటు కూడా గుర్తుంచుకోవాలి. బిగుతు సూటూ, మోకాళ్ళకు చుట్టే పట్టీలూ స్క్వాట్‌ను పెంచినంతగా డెడ్‌లిఫ్ట్‌ను పెంచవు.

భారీకాయుల్లో లెక్క తరచూ తలకిందులవుతుంది. 2023లో షెఫీల్డ్ పవర్‌లిఫ్టింగ్ పోటీలో భారీకాయుడైన జీసస్ ఒలివారెస్ స్క్వాట్ 470 కిలోలు, డెడ్‌లిఫ్ట్ 410 కిలోలు. పోటీలోని మరో లిఫ్ట్ బెంచ్ ప్రెస్ 272.5తో కలిపి మొత్తం 1152.5. దేహం పెద్దదైతే స్క్వాట్ అడుగున తొడలూ పొట్టా ఒకదానికొకటి ఆనుకుని దన్నుగా నిలుస్తాయి. నేల మీది బార్ కోసం వంగేటప్పుడు ఆ పొట్టే అడ్డొస్తుంది. ఇంత దేహానికి తగ్గట్టు వేళ్ళ పట్టు పెరగదు. మూడు లిఫ్టుల పోటీలో డెడ్‌లిఫ్ట్ చివరిది, అప్పటికే ఒళ్ళు అలసి ఉంటుంది. ఎవరెక్కువ బలవంతుడన్న ప్రశ్నకు ముందు ఏ విభాగం, ఏ గేర్ అని అడగాలనడానికి కారణం ఇదే.

చరిత్రలోనూ ఈ తేడాకు ఒక మూలముంది. నూరేళ్ళ కిందట బరువును భుజాలకెక్కించే స్టాండ్లు అందరికీ ఉండేవి కావు. లేపగలిగినంత బరువు లేపడానికి నేల చాలు. 1920లో జర్మన్ బలశాలి హెర్మన్ గోర్నర్ లైప్‌జిగ్‌లో ఒంటిచేత్తో 330 కిలోలు లేపాడని నమోదైంది. స్క్వాట్ చేయాలంటే మాత్రం బార్‌ను ముందు భుజాల దాకా తెచ్చుకోగలగాలి. ఈ అడ్డంకిని ఛేదించినవాళ్ళలో మిలో స్టైన్‌బార్న్ ముఖ్యుడు. 1921లో అమెరికా చేరిన ఈ జర్మన్ బార్‌ను ఒక కొస మీద నిలువుగా నిలబెట్టి, దాని పక్కన చతికిలబడి, భుజాల మీదికి వాల్చుకుని లేచేవాడు. బరువైన స్క్వాట్‌కు అక్కడ ఆదరణ పెరగడంలో అతని పాత్ర పెద్దది. 1971లో పెన్సిల్వేనియాలోని యార్క్‌లో తొలి ప్రపంచ పవర్‌లిఫ్టింగ్ పోటీలు జరిగాయి, మరుసటి ఏడు అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది.

మన తాలింఖానాల్లో దండీలూ బస్కీలూ ఉండేవి. బస్కీ అంటే బరువు లేని స్క్వాట్. అది వందల లెక్కన చేసే సాధన, మోకాళ్ళకూ ఊపిరికీ పట్టునిస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండగలకు జరిగే రాళ్ళెత్తే పోటీలు నేల మీంచి లేపే బలాన్ని పరీక్షిస్తాయి. ఈ రెండూ ఒకే ఎత్తులో కలిసి కనబడాలంటే శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరిని తలచుకోవాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. క్లీన్‌లో మొదటి సగం నేల మీంచి బరువును లేపడం, రెండో సగం ఛాతీ మీద బరువుతో కూర్చున్న చోటి నుంచి లేవడం. రెండింట్లో ఏది తగ్గినా ఆ పతకం వచ్చేది కాదు.

కాబట్టి ఈ రెండు లిఫ్టుల తేడా దేనికి పనికొస్తుంది? ఒకే మనిషిలో అది కాలక్రమంలో ఎలా మారుతోందో చూడటానికి. డెడ్‌లిఫ్ట్ పెరుగుతూ స్క్వాట్ ఆరు నెలలుగా కదలకపోతే తొడ ముందు కండరాలను, చీలమండ వంగే తీరును పరీక్షించాలి. స్క్వాట్ పెరిగి డెడ్‌లిఫ్ట్ ఆగిపోతే ముందుగా పట్టును, ఆ తర్వాత వీపును చూడాలి. డెడ్‌లిఫ్ట్‌లో వీపు గుండ్రంగా వంగిపోతుంటే బరువు తగ్గించడమే దారి. ఇల్లూ పొలమూ చూసుకునే మామూలు మనిషి ఒకటే నేర్చుకోగలిగితే నా ఓటు డెడ్‌లిఫ్ట్‌కే. లేవకపోతే బార్‌ను వదిలేయవచ్చు. పైగా గ్యాస్ సిలిండరైనా బియ్యం మూటైనా రోజూ లేపుకునేది నేల మీంచే.

కోచ్‌లకు ఒక విన్నపం. కొత్తగా చేరిన అబ్బాయికో అమ్మాయికో బరువు ఎక్కించే ముందు చేతులూ తొడలూ ఎంత పొడవున్నాయో చూడండి. స్క్వాట్‌లో ఇంత వస్తే డెడ్‌లిఫ్ట్‌లో ఇంత రావాలని లెక్క కట్టి చెప్పకండి. ఎవరి అంకెనైనా వాళ్ళ పోయిన నెల అంకెతోనే పోల్చండి.