నీళ్ళలో దిగొద్దన్న చీటీ

ఈ వారం కాలమిస్టుకి చిరాకు తెప్పించింది తమిళనాడులో, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడులో చూసిన ఒక ఓపీ చీటీ. సరస్సులో లోతు తక్కువ చోట్ల చేత్తో తడిమి రొయ్యలు పట్టుకునే ఒకామెకి షుగరు, పాదాన పుండు. కాలు తడపొద్దని డాక్టరు రాశారు. రోజూ వచ్చి కట్టు మార్పించుకోమంది నర్సు. కాలు బిగుసుకుపోకుండా నడవమన్నాడు ఫిజియోథెరపిస్టు. ఎవరి మాట వారికి సబబే. "నీళ్ళలో దిగకుంటే రొయ్య మా వాకిట్లోకి వస్తాదా సారూ?" అని ఆమె అడిగింది కాలమిస్టుని. అడగాల్సిన ముగ్గురూ ఒకచోట దొరికితే కదా!

పాత పాఠకులు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు: మళ్ళీ వృత్తికో తరగతి అంటూ కట్టిన గోడల గోలేనని. గోలే మరి. మన వైపే చూడండి: 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టి వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. పట్టా మీద ముద్ర ఒకటే. పాఠం మాత్రం ఎవరిది వారిదే. వేర్వేరు వృత్తులవాళ్ళు కలిసి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక చట్రమే విడుదల చేసింది.

చదువులో కలవనివాళ్ళని తమిళనాడు కొలువులో కలిపింది. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' (జనాన్ని వెతుక్కుంటూ వైద్యం) పథకం కింద వాలంటీరు బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెస్తుంది. అవసరమైన ఇంటికి ఫిజియోథెరపిస్టు, ఉపశమన సేవల నర్సు కూడా వెళ్తారు. ఇంట్లో వండేదెవరో, ఆ పూట కూలికి పోకపోతే ఏం జరుగుతుందో వాలంటీరుకి తెలుసు. 2024లో ఈ పథకానికి ఐక్యరాజ్యసమితి అవార్డూ వచ్చింది.

కలిపి నేర్పడమంటే వేలూరు ఊసు రాక తప్పదు. ఐడా స్కడర్ అక్కడ 1909లో నర్సింగ్ బడి, 1918లో ఆడపిల్లలకి వైద్య పాఠశాల పెట్టారు. వాటి నుంచి ఎదిగిన క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ వంటి కోర్సుల పిల్లలు కలిసి ఒక ఊళ్ళో బసచేసి, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తారు. అదీ చదువు తొలిదశలోనే. ఏమీ రాని పిల్లలు ఒకరికొకరు ఏం నేర్పుతారు, ఆఖరి ఏడాదివాళ్ళని ఒకే రోగి దగ్గర కూర్చోబెట్టాలి అన్నది కాలమిస్టు ఇన్నాళ్ళూ చేసిన వాదన.

కానీ ఆఖరి ఏడాది వార్డులో జరిగేదేమిటి? కాబోయే డాక్టరు మాట్లాడతాడు, కాబోయే నర్సు ఫైలు పట్టుకుని నిలబడుతుంది. ఎవరు ఏ మెట్టు మీదో అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది. తొలి ఏడాదిలో ఎవరికీ ఏమీ రాదు గనకనే సర్వేకి వెళ్ళిన ఇంటావిడతో మాట కలపగలిగిన పిల్లే ఆ పూటకి పెద్ద. ఆ పిల్ల నర్సింగ్ విద్యార్థిని అయినా సరే.

పళవేర్కాడు ఉన్న జిల్లాకి కేంద్రమైన తిరువళ్ళూరులో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఎంబీబీఎస్ పిల్లలు మొదటి ఏడాది నుంచే కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న నియమం ఎటూ ఉంది. పళవేర్కాడు కుప్పాల్లో అవే ఇళ్ళకి నర్సింగ్, ఫిజియోథెరపీ పిల్లల్నీ జతచేసి పంపొచ్చు. మార్కుల పుస్తకం కొన్నాళ్ళు ఆ ఇళ్ళకి మాత్రలు తెచ్చే వాలంటీరు చేతికే ఇవ్వొచ్చు కూడా.